పింగళి సూరన

పింగళి సూరన 16వ శతాబ్దికి చెందిన సుప్రసిద్ధ తెలుగు కవి. రాఘవపాండవీయము, కళాపూర్ణోదయము, ప్రభావతీ ప్రద్యుమ్నము ఈయన రచించిన ప్రసిద్ధ ప్రబంధాలు. ఒకే పద్యంలో రామాయణ, భారత కథలు రెండింటినీ ఇమిడ్చి, ఆదినుండి అంతం వరకు అదే పద్ధతిలో ఒక కావ్యాన్ని నడిపిన ద్వ్యర్థి కవిగా సూరన పేరు తెలుగు సాహిత్యంలో నిలిచిపోయింది. ఒక పదంలోని అక్షరాలను వేరొక చోట విరిచినపుడు అందులో దాగి ఉన్న మరొక పదం బయటపడుతుంది. ఈ చిన్న సత్యాన్ని మహాకావ్యానికి పునాదిగా చేసుకొనడం సూరన ప్రత్యేకత.

సూరన జీవితం నల్లమల కొండలకు ఇరుప్రక్కల ఉన్న రెండు చిన్న రాజ్యాలతో ముడిపడి ఉన్నది. వాటిలో మొదటిది ఆకువీడు, రెండవది నంద్యాల. పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో గిద్దలూరుకు చేరువగా రాచర్ల మండలంలో ఉన్న ఆకవీడు గ్రామాన్నే నాటి ఆకువీడుగా చెప్పుకుంటారు.

వంశము, కుటుంబము

సూరన నియోగి బ్రాహ్మణుడు, గౌతమ గోత్రుడు. తండ్రి అమరనామాత్యుడు, తల్లి అబ్బమాంబ. పూర్వులు నివసించిన పింగళి అనే గ్రామం పేరే ఈ వంశానికి ఇంటిపేరైనది. సూరన తాతగారి పేరు కూడా సూరనయే. తాత పేరు మనుమనికి పెట్టే ఆచారం ఈ కుటుంబంలోనూ కనబడుతుంది.

ఈ వంశాన్ని గురించి ఒక వింత కథ ప్రచారంలో ఉన్నది. సూరన పూర్వులలో గోకన అనే మంత్రి పేకి అనే యక్షిణిని వశపరచుకొని, తన ఇంట దాసిగా నిలుపుకొన్నాడని ఆ కథ సారాంశం. దీనిని చరిత్రగా గ్రహించనక్కరలేదు. అయితే ఆ వంశం మంత్రశాస్త్రానికీ, పాండిత్యానికీ పేరుమోసినదన్న భావన ఆనాటి సమాజంలో ఉండేదని దీనివలన ఊహించవచ్చును.

సూరన బాల్యాన్ని గురించి గాని, విద్యాభ్యాసాన్ని గురించి గాని వివరాలు లభించవు. ఆయన గురించి మనకు తెలిసినదంతా ప్రధానంగా ఆయన కావ్యాల పీఠికలనుండి సేకరించినదే. నాటి కవులు కావ్యారంభంలో తమ వంశాన్నీ, కృతిభర్త వంశాన్నీ వర్ణించే సంప్రదాయం ఉండడం చేత ఈపాటి సమాచారమైనా దక్కినది. సంస్కృతాంధ్రాలు రెండింటా ఆయనకు గల అధికారం మాత్రం ప్రతి పద్యంలోనూ కనబడుతుంది.

కాలము

సూరనను శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలోని అష్టదిగ్గజ కవులలో ఒకనిగా పేర్కొనడం జనవ్యవహారంలో ఉన్నది. రాయలు 1509 నుండి 1529 వరకు పరిపాలించాడు. కాని సూరన తన కృతులలో దేనినీ రాయలకు అంకితమీయలేదు. కళాపూర్ణోదయాన్ని అంకితం పుచ్చుకొన్న నంద్యాల కృష్ణమరాజు రాయలకు తరువాతి తరం వాడు. కావున సూరన కూడా రాయల తరువాతి తరం కవియేనని, 16వ శతాబ్ది ఉత్తరార్ధంలో ప్రసిద్ధికి వచ్చాడని సాహిత్య చరిత్రకారులు పలువురు అభిప్రాయపడ్డారు.

అది విజయనగర సామ్రాజ్యానికి గడ్డుకాలం. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు మరణించగా రాజధాని పాడుపడినది. సామ్రాజ్య కేంద్రం బలహీనపడిన ఆ దశలో చిన్న చిన్న సామంత ప్రభువుల కొలువులు కవులకు ఆశ్రయమైనాయి. నంద్యాల ప్రభువులు ఆరవీటి వంశపు శాఖకు చెందినవారు. పెద్ద సింహాసనాలకు దూరంగా, కొండల నడుమ ఉన్న ఈ కొలువులలోనే తెలుగు ప్రబంధంలోని అత్యంత సాహసోపేతమైన ప్రయోగాలు జరగడం గమనింపదగిన విషయం.

ఆకువీడు, నంద్యాల

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం నల్లమల కొండలకు తూర్పున ఉన్నది. గిద్దలూరునుండి పడమరగా నంది కనుమ దాటితే నంద్యాల మైదానం వస్తుంది. పూర్వం బాటసారులూ, సైన్యాలూ, వర్తకుల ఎద్దుల బండ్లూ ఈ కనుమ మార్గం గుండానే రాకపోకలు సాగించేవి. ఆకువీటి కొలువులో మొదలైన సూరన కీర్తి కనుమకు ఆవల ఉన్న నంద్యాల కొలువును చేరింది. అక్కడ కృష్ణమరాజు ఆయనను ఆదరించాడు.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు చిరకాలం కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు వాటిని అందులో చేర్చారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఈ కారణం చేత 1970కి పూర్వపు గ్రంథాలలో ఈ ప్రాంతపు ఊళ్ళు కర్నూలు జిల్లా ఊళ్ళుగా కనబడతాయి. విద్యార్థులు పాత పుస్తకాలు చదివేటపుడు ఈ సంగతి గుర్తుంచుకొనడం మంచిది.

ఇది వర్షాభావ ప్రాంతం. విజయనగర కాలంలో గుండ్లకమ్మ నదికి అడ్డంగా కట్టిన కంభం చెరువు నేటికీ ఇక్కడి వ్యవసాయానికి ఆధారంగా ఉన్నది. మార్కాపురం చెన్నకేశవస్వామి దేవాలయానికీ, బడిపిల్లల రాతి పలకల పరిశ్రమకూ ప్రసిద్ధి చెందినది. తరతరాల పిల్లలు తొలి అక్షరాలు దిద్దుకొన్న పలకలు తయారైన ఈ సీమలోనే, అక్షరాల పొందికతో రెండు ఇతిహాసాలను ఒక్కటిగా అల్లిన కావ్యం కూడా వెలువడినది.

రచనలు

సూరన రచనలుగా ఈ క్రింది గ్రంథాలు తెలియవస్తున్నవి.

గరుడ పురాణము - తెలుగు అనువాదం. లభించలేదు.
గిరిజా కల్యాణము - లభించలేదు.
రాఘవపాండవీయము - నాలుగు ఆశ్వాసాల ద్వ్యర్థి కావ్యం. ఆకువీటి ప్రభువు పెదవేంకటాద్రి ప్రోత్సాహంతో రచించి విరూపాక్షదేవునికి అంకితం చేశాడు.
కళాపూర్ణోదయము - ఎనిమిది ఆశ్వాసాల ప్రబంధం. నంద్యాల కృష్ణమరాజుకు అంకితం.
ప్రభావతీ ప్రద్యుమ్నము - ఐదు ఆశ్వాసాల ప్రబంధం. తండ్రి అమరనామాత్యునికి అంకితం.

రాఘవపాండవీయము

నేపథ్యము

ఒకే రచన రెండు కథలను చెప్పడం సంస్కృతంలో సూరనకు చాలా ముందునుండే ఉన్నది. జైన కవి ధనంజయుడు ద్విసంధాన కావ్యాన్ని రచించాడు. కవిరాజు అనే బిరుదనామం గల కవి 12వ శతాబ్దిలో రాఘవపాండవీయాన్ని వ్రాశాడు. వంగదేశంలో సంధ్యాకరనంది తన రామచరితంలో శ్రీరాముని కథనూ, పాల వంశపు రామపాలుని కథనూ కలిపి చెప్పాడు.

తెలుగులో వేములవాడ భీమకవి రాఘవపాండవీయం రచించాడని ప్రతీతి. అయితే ఆ గ్రంథం ఉన్నదని చెప్పుకొనడమే గాని చూచినవారు లేరని సూరనయే తన పీఠికలో తెలిపాడు. కావున లభించిన వాటిలో తెలుగులో మొదటి ద్వ్యర్థి మహాకావ్యం సూరన రచించినదే. రెండర్థాలు వచ్చేటట్లు ఒక్క పద్యం చెప్పడమే కష్టమనీ, కావ్యమంతా అట్లు నడపడం, అందునా తెలుగులో నడపడం ఎంత దుర్ఘటమో సహృదయులు గ్రహించాలనీ అర్థం వచ్చే మాటలు కూడా పీఠికలో ఉన్నాయి. చేపట్టిన పని బరువు ఆయనకు ముందే తెలుసునన్నమాట.

కథల పోలిక

రెండు కథలను కలపడానికి ముందుగా వాటిలోని పోలికలను పట్టుకొనాలి. దశరథుడు వేటకు వెళ్ళి, ఏనుగు నీరు త్రాగుతున్నదని భ్రమించి మునికుమారుని బాణంతో కొట్టి శాపం పొందాడు. పాండురాజు వేటలో లేడి రూపంలో ఉన్న కిందముడనే మునిని కొట్టి శాపం పొందాడు. రాముడు శివధనుస్సును ఎక్కుపెట్టి సీతను పెండ్లాడాడు. అర్జునుడు మత్స్యయంత్రాన్ని కొట్టి ద్రౌపదిని గెలుచుకొన్నాడు. అక్కడ తండ్రి ఇచ్చిన వరాల వలన, ఇక్కడ జూదం వలన నాయకులు అడవుల పాలయ్యారు. రెండింటా స్త్రీకి జరిగిన పరాభవం యుద్ధానికి దారితీసింది. రెండింటా చివరకు పట్టాభిషేకం జరిగింది.

పాత్రల విషయంలో కూడా ఇటువంటి అనుకూలతలు ఉన్నాయి. ఆంజనేయుడూ భీముడూ ఇద్దరూ వాయుదేవుని కుమారులే. కావున వాయునందనుడు అన్న మాట ఒక కథలో ఒకరిని, మరొక కథలో మరొకరిని సూచిస్తుంది. ద్వ్యర్థి కవికి ఇటువంటి మాటలు వరప్రసాదాలు. పోలిక లేని చోట్ల మాత్రం మొత్తం భారం భాష మీద పడుతుంది. కవి శక్తి నిజంగా తెలిసేది అక్కడే.

శ్లేష విధానము

ఒకే శబ్దం రెండర్థాలు ఇవ్వడాన్ని శ్లేష అంటారు. ఇది ప్రధానంగా రెండు విధాలు.

పదాన్ని విరవకుండానే రెండర్థాలు వస్తే అది అభంగ శ్లేష. భారత కథలో భీముడు, అర్జునుడు వ్యక్తుల పేర్లు. కాని భీమ శబ్దానికి భయంకరమైన అనీ, అర్జున శబ్దానికి తెల్లని అనీ అర్థాలున్నాయి. కృష్ణ అంటే నల్లని, రామ అంటే మనోహరమైన అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఒక కథలో పేరుగా నిలిచిన మాట మరొక కథలోకి వచ్చేసరికి విశేషణంగా మారిపోతుంది.

పదాన్ని వేరువేరు చోట్ల విరిచినపుడు వేరువేరు అర్థాలు వస్తే అది సభంగ శ్లేష. సదానందుడు అనే మాటను సదా, ఆనందుడు అని విడదీస్తే ఎల్లప్పుడూ ఆనందించేవాడు అవుతాడు. సత్, ఆనందుడు అని విడదీస్తే సత్యమైన ఆనందం గలవాడు అవుతాడు. అక్షరాలు మారలేదు, విరిచే చోటు మాత్రమే మారింది.

అక్షరాలలో దాగిన పదాలు

పిల్లలకు పదసంపద పెంచడానికి బడులలో ఒక ఆట ఆడిస్తారు. ఒక పెద్ద పదాన్ని నల్లబల్ల మీద వ్రాసి, అందులోని అక్షరాలతో వీలైనన్ని చిన్న పదాలు చెప్పమంటారు. ఉదాహరణకు కలవరము అన్న మాటను తీసుకొంటే అందులో కల, వల, వరము, కలము, కరము, రవము, రకము, లవము మొదలైనవి దొరుకుతాయి. అక్షరాల వరుసను చెదరనీయకుండా వెదకితే కల, వరము అన్న రెండు మాటలు ప్రక్కప్రక్కనే కనబడతాయి. ఆందోళన అని అర్థమిచ్చే మాటలో స్వప్నమూ, దేవుడిచ్చే వరమూ దాగి ఉన్నాయన్నమాట.

సభంగ శ్లేషకు మూలం ఈ ఆటలోనే ఉన్నది. అయితే ఆటలో దొరికిన చిన్న పదాలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండనక్కరలేదు. కావ్యంలో అవి వరుసగా కూడి మరొక వాక్యం కావాలి. ఆ వాక్యం మరొక కథను చెప్పాలి.

ఇందుకు తెలుగు భాషలోని సంధులు ఎంతగానో సహకరిస్తాయి. మనసిరులు అన్న కూర్పును చూడండి. మన, సిరులు అని విడదీస్తే మన సంపదలు అని అర్థం. మనసు, ఇరులు అని విడదీస్తే ఉత్వ సంధి ప్రకారం మనసులోని చీకట్లు అని అర్థం. అట్లాగే చేరెనది అన్నచోట చేరెను, అది అని విడదీస్తే ఏదో ఒక వస్తువు చేరినదని తెలుస్తుంది. చేరె, నది అని విడదీస్తే ఒక నది వచ్చి చేరినట్లవుతుంది. ఇక్కడ నకారం క్రియ చివరి ద్రుతమా, లేక తరువాతి మాటకు మొదటి అక్షరమా అన్నదే ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్నకు చెప్పే జవాబును బట్టి దృశ్యమే మారిపోతుంది.

తెలుగులో సంస్కృత పదాలూ అచ్చతెలుగు పదాలూ కలిసి ఉండడం మరొక సౌకర్యం. వారి జాడ అన్న మాటలలో వారి అన్నది తెలుగు పదమైతే ఆ మనుషుల ఆచూకీ అని అర్థం. సంస్కృత పదమైతే నీటి జాడ అని అర్థం. బావి త్రవ్వించడానికి నీటి జాడ వెదికే పశ్చిమ ప్రకాశం రైతుకు రెండవ అర్థమే ముందుగా తోచవచ్చును.

సంధిలో అక్షరం రూపు మార్చుకొనడం కూడా కవికి ఉపకరిస్తుంది. ప్రథమావిభక్తి మీది క, చ, ట, త, ప అనే పరుషాలకు గ, స, డ, ద, వ అనే అక్షరాలు ఆదేశంగా వస్తాయి. రాజు, పోయె అన్నవి రాజు వోయె కావచ్చును. కావున పద్యంలో వకారం కనబడినపుడు అది నిజంగా వకారమో, వేషం మార్చుకొన్న పకారమో చదువరి ఆలోచించాలి.

ఇవన్నీ సౌకర్యాలైతే, కవికి అడ్డంకులు కూడా తక్కువేమీ లేవు. నియమం ప్రకారం యతి కుదరాలి. వృత్తాలలో, కందంలో నాలుగు పాదాలకూ రెండవ అక్షరం ప్రాసగా ఒకటే ఉండాలి. లకార ళకారాలనూ, సాధురేఫ శకటరేఫలనూ ఇష్టం వచ్చినట్లు కలపరాదు. గురులఘువుల లెక్క తప్పరాదు. ఇన్ని నియమాల మధ్య రెండు కథలూ ముందుకు సాగాలి. రెండింటిలోనూ ఔచిత్యం చెడరాదు. రాఘవపాండవీయాన్ని పండితులు అద్భుతంగా భావించడానికి కారణం ఇదే.

వ్రాతప్రతులు, వ్యాఖ్యానము

పూర్వం తాటాకుల మీద వ్రాసేటపుడు పదానికీ పదానికీ నడుమ ఖాళీ విడిచేవారు కారు. పాదమంతా ఒకే అక్షరాల వరుసగా ఉండేది. పద విభాగం చేసుకొనే బాధ్యత చదువరిదే. అందువలన నాటి పాఠకుడు ప్రతి పద్యాన్ని చదువుతున్నపుడు ఎక్కడ విరవాలి అన్న ప్రశ్న వేసుకొంటూనే ఉండేవాడు. ద్వ్యర్థి కావ్యం పుట్టడానికి అటువంటి వ్రాత పద్ధతి అనువైన నేల.

అచ్చుపుస్తకాలలో పదాలను విడదీసి ముద్రించడం వలన చదవడం సులభమైనది. కాని ద్వ్యర్థి పద్యాన్ని ఒక విధంగా విడదీసి అచ్చువేస్తే రెండవ కథ మరుగున పడుతుంది. రాముని కోసం ఖాళీ విడిచిన చోట పాండవులు కనబడరు. కావున రాఘవపాండవీయానికి వ్యాఖ్యానం తప్పనిసరి. ముద్దరాజు రామన ఈ కావ్యానికి వ్యాఖ్యానం రచించి గొప్ప ఉపకారం చేశాడు. రామాయణార్థాన్ని, భారతార్థాన్ని వేరువేరుగా వివరించే ఇటువంటి వ్యాఖ్య లేకపోతే తరువాతి తరాలకు ఈ కావ్యం సగమే మిగిలి ఉండేది.

కళాపూర్ణోదయము

రాఘవపాండవీయ రచన సూరనకు కీర్తి తెచ్చినది. ఆ కీర్తి విన్న నంద్యాల కృష్ణమరాజు ఆయనను సత్కరించి మరొక కావ్యాన్ని కోరగా కళాపూర్ణోదయం వెలువడినది. ఇందులోని కథ ఏ పురాణం నుండీ గ్రహించినది కాదు. సూరన స్వయంగా కల్పించినది. ప్రసిద్ధ కథలనే పెంచి వ్రాసే ఆ కాలంలో ఇది సాహసమే.

కథ ద్వారకలో మొదలవుతుంది. కలభాషిణి అనే యువతి, మణికంధరుడనే గంధర్వుడు, నారదుడు, రంభానలకూబరులు తొలి భాగంలో ప్రధాన పాత్రలు. నారదుడు తుంబురునితో స్పర్ధ పడి, శ్రీకృష్ణుని అంతఃపురంలో సంగీతం నేర్చుకొంటాడు. కామరూప విద్యల వలన ఒకరి రూపం మరొకరు ధరించడం, ఎవరు అసలో ఎవరు మాయో తెలియక తికమకపడడం కథకు బిగువు తెస్తాయి. మణికంధరుడు మరుజన్మలో కళాపూర్ణుడనే రాజుగాను, కలభాషిణి మధురలాలసగాను జన్మిస్తారు. వీరి కథ అంతకు ముందే బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథ అని తరువాత తెలుస్తుంది. సృష్టికర్త పలికిన మాట వ్యర్థం కానేరదు గనుక ఆ కథలోని పాత్రలు భూమి మీద జన్మించక తప్పలేదు.

రాఘవపాండవీయంలో ఒక పదంలో మరొక పదం దాగి ఉంటే, ఇక్కడ ఒక కథలో మరొక కథ దాగి ఉన్నది. ముందు చదివిన చిన్న సంఘటనకు అసలు అర్థం ఎన్నో పుటల తరువాత గాని తెలియదు. చదువరి వెనుకకు తిరిగి చూచుకొని, తాను గమనింపని దానిని గుర్తించవలసి వస్తుంది. సూరన రెండు కావ్యాలూ పైకి భిన్నంగా కనబడినా, ఆయన చదువరినుండి కోరినది రెండింటిలోనూ ఒకటే. తొలిచూపులో కనబడిన అర్థంతో తృప్తి పడవద్దని ఆయన కోరాడు.

అక్షరాల మీద సూరనకు గల అధికారానికి ఇందులోని ఒక కంద పద్యం ప్రసిద్ధమైన ఉదాహరణ. దానిని మొదటినుండి చదివితే తెలుగు పద్యం. చివరి అక్షరంనుండి వెనుకకు చదువుకొంటూ వస్తే సంస్కృత శ్లోకం. ముందు చెప్పిన సభంగ శ్లేషలో పదాలు మాత్రమే మారాయి. ఇక్కడ భాషయే మారిపోయింది.

ప్రభావతీ ప్రద్యుమ్నము

హరివంశంలోని వజ్రనాభుని వృత్తాంతం దీనికి ఆధారం. వజ్రనాభుడనే రాక్షసుడు తన వజ్రపురంలోనికి ఎవరూ రాకుండా కట్టుదిట్టం చేసుకొంటాడు. శ్రీకృష్ణుని కుమారుడైన ప్రద్యుమ్నుడు నటుని వేషంలో నాటక బృందంతో ఆ నగరం ప్రవేశిస్తాడు. శుచిముఖి అనే హంస నాయికానాయకుల మధ్య రాయబారం నడుపుతుంది. ప్రద్యుమ్నుడు వజ్రనాభుని కుమార్తె ప్రభావతిని వివాహమాడడం, వజ్రనాభుని సంహరించడం కథలోని ముఖ్యాంశాలు.

వర్ణనలకంటె సంభాషణలకు ప్రాధాన్యమీయడం చేత ఈ ప్రబంధం నాటకం చూస్తున్నట్లు సాగుతుంది. ఇక్కడ కూడా వేషం వెనుక మరొక మనిషి దాగి ఉండడమే కథకు కీలకం.

ఈ కావ్యాన్ని సూరన ఏ ప్రభువుకూ ఈయక తన తండ్రికి అంకితం చేశాడు. కృతి నిచ్చి అగ్రహారాలూ, సత్కారాలూ పొందడం వాడుకగా ఉన్న కాలంలో, రెండు కొలువుల మన్నన పొందిన కవి ఇట్లు చేయడం అరుదైన సంగతి. తనకు అక్షరాలు ప్రసాదించిన ఇంటికి కవి ఋణం తీర్చుకొన్నాడని భావించవచ్చును.

తరువాతి కవులపై ప్రభావము

సూరన చూపిన దారిలో తెలుగులో ద్వ్యర్థి, త్ర్యర్థి కావ్యాలు బయలుదేరాయి. వసుచరిత్ర కర్త రామరాజభూషణుడు హరిశ్చంద్రుని కథనూ నలుని కథనూ కలిపి హరిశ్చంద్ర నలోపాఖ్యానం రచించాడు. ఎలకూచి బాలసరస్వతి రాముడు, కృష్ణుడు, పాండవులు ముగ్గురి కథలనూ కలిపి రాఘవ యాదవ పాండవీయం వ్రాశాడు. సంస్కృతంలో 17వ శతాబ్దికి చెందిన వేంకటాధ్వరి రాఘవయాదవీయంలో ముందుకు చదివితే రాముని కథ, వెనుకకు చదివితే కృష్ణుని కథ వచ్చే శ్లోకాలు కూర్చాడు.

పెద్ద పద్యంలో చిన్న పద్యాన్ని దాచే గర్భకవిత్వం, ఒక అక్షరం తొలగిస్తే అర్థం మారే చ్యుతకం, అవధానాలలో కనబడే దత్తాక్షరి, నిషిద్ధాక్షరి వంటివి కూడా అక్షరాల పొందిక మీద ఆధారపడిన విద్యలే. గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసం ఈ చిత్రకవిత్వానికి పేరు పొందినది.

విమర్శ, ఆదరణ

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారములో కళాపూర్ణోదయాన్ని ఆధునిక దృష్టితో విమర్శించి, సూరన కల్పనాశక్తిని ఎంతగానో మెచ్చుకొన్నాడు. ఆ గ్రంథం తెలుగు సాహిత్య విమర్శలో ఒక మైలురాయి. కందుకూరి వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్రలో సూరన జీవితాన్ని, కాలాన్ని చర్చించాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి కళాపూర్ణోదయాన్ని 2002లోను, ప్రభావతీ ప్రద్యుమ్నాన్ని 2006లోను ఆంగ్లంలోకి అనువదించి ప్రకటించారు. దీనితో సూరన పేరు ప్రపంచ సాహిత్య పాఠకులకు కూడా పరిచయమైనది.

రాఘవపాండవీయానికి ఇటువంటి అనువాదం దుర్లభం. రెండు కథలను రెండు అనువాదాలుగా చేయవచ్చును గాని, రెండూ ఒకే అక్షరాలలో ఉన్న సంగతి మరొక భాషలోకి రాదు. ఈ కావ్యం జీవించినా నశించినా తెలుగులోనే. తెలుగు సంధులూ సమాసాలూ తెలిసిన పాఠకుడు ఉన్నంతకాలమే రెండవ కథ వినబడుతుంది.

ద్వ్యర్థి కావ్యాలు పాండిత్య ప్రదర్శనలనీ, రసానికి దూరమనీ ఆధునిక విమర్శకులలో కొందరు నిరసించారు. ఈ అభిప్రాయంలో కొంత న్యాయం లేకపోలేదు. రెండర్థాలు కుదర్చడానికి కవి అప్రసిద్ధ పదాలను వాడవలసి వస్తుంది. నిఘంటువు లేనిదే ముందుకు సాగని పద్యాలు సామాన్య పాఠకుని అలసటకు గురిచేస్తాయి. కాని ఈ దోషాన్ని చూపి కావ్యాన్ని మొత్తంగా ప్రక్కన పెట్టడం సరికాదు. దశరథుని దుఃఖమూ పాండురాజు దుఃఖమూ ఒకే అక్షరాలలో వినబడినపుడు, యుగాలు వేరైనా మనుషుల తప్పులూ, వాటి ఫలితాలూ ఒకటేనన్న భావన చదువరికి కలుగుతుంది. అది గారడీ వలన కలిగే ఆశ్చర్యం కంటె లోతైన అనుభవం.

నేటి పాఠ్యపుస్తకాలలో సూరన పేరు ఎక్కువగా కవుల పట్టికలలోనే కనబడుతుంది. ఆకువీటి ప్రభువు పేరును లోకం నేటికీ తలచుకొంటున్నదంటే అది ఆయన కోరిన ఒక కావ్యం వలననే. విద్యార్థులు రాఘవపాండవీయం మొత్తం చదవలేకపోయినా, వ్యాఖ్య సహాయంతో ఒక్క పద్యాన్ని రెండు విధాలుగా విడదీసి చూచుకొంటే సూరన చేసిన పని ఎటువంటిదో తెలుస్తుంది. అందుకు కావలసినవి కొంచెం ఓపిక, పదాన్ని ఎక్కడ విరవాలో వెదికే కుతూహలం.

ఇవి కూడా చూడండి

అష్టదిగ్గజములు
రాఘవపాండవీయము
కళాపూర్ణోదయము
చిత్రకవిత్వము
అవధానము
గిద్దలూరు
కంభం చెరువు
మార్కాపురం
నంద్యాల